పల్నాటి ఆకాశానికి తగిన ఐపీస్

పిల్లల కోసం టెలిస్కోపు కొనబోయే తల్లిదండ్రుల కళ్ళు మొదట పడేది అట్టపెట్టె మీద పెద్దగా అచ్చువేసిన అంకె మీద. 76 మిల్లీమీటర్ల అద్దం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న టెలిస్కోపు పెట్టె మీద కూడా ‘525 రెట్లు’ అని ఉంటుంది. లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. టెలిస్కోపు నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 700ను 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగిస్తే 175. దాని ముందు మూడు రెట్ల బార్లో కటకం తగిలిస్తే 525. అయితే ఆ 525 రెట్ల దగ్గర గురుగ్రహం అంచులు లేని మసక ముద్దలా వణుకుతూ, పట్టుమని ఇరవై సెకన్లు కూడా నిలవకుండా కంటి ముందునుంచి జారిపోతుంది. రెండు మూడు రాత్రులు ఇలా గడిచాక టెలిస్కోపు అటకెక్కుతుంది, డబ్బు దండగైందన్న మాట ఇంట్లో మిగులుతుంది. ఆ నింద చాలాసార్లు అన్యాయం. అదే గొట్టానికి సరైన ఐపీస్ బిగిస్తే శని వలయం, గురుడి నాలుగు చంద్రులు, ఓరియన్ నీహారిక స్పష్టంగా కనిపిస్తాయి. చిన్న టెలిస్కోపు ఉన్నవాళ్ళు తర్వాత పెట్టే ప్రతి రూపాయీ ఎక్కువ రెట్ల మీద కాకుండా మంచి కాంతి, విశాలమైన దృశ్యం ఇచ్చే రెండు సాదా ఐపీసుల మీద పెట్టాలన్నది ఈ వ్యాసం వాదన. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల వాతావరణం ఈ వాదనకు మరింత బలం ఇస్తుంది.

టెలిస్కోపులో రెండు పనులు వేరువేరుగా జరుగుతాయి. ముందున్న అద్దమో కటకమో ఆకాశంనుంచి వచ్చే వెలుగును పోగుచేసి, గొట్టం చివర ఒక చిన్న బింబాన్ని ఏర్పరుస్తుంది. 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపులో నిండు చంద్రుడి బింబం అడ్డంగా 6 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ, అంతే. ఆ చిన్న బింబాన్ని దగ్గరగా పెట్టి చూపించే భూతద్దమే ఐపీస్. బింబంలో ఎన్ని వివరాలు ఉండాలో ముందే అద్దం వ్యాసం తేల్చేసి ఉంటుంది. లేనిదాన్ని ఐపీస్ చేర్చలేదు, ఉన్నదాన్ని చెడకుండా కంటికి అందించడమే దాని పని. దీనికి ఒక కొలత ఉంది. 116ను మిల్లీమీటర్లలో ఉన్న అద్దం వ్యాసంతో భాగిస్తే, ఆ టెలిస్కోపు విడదీసి చూపగల అతి చిన్న కోణం ఆర్క్‌సెకన్లలో వస్తుంది. 76 మిల్లీమీటర్ల అద్దానికి అది 1.5 ఆర్క్‌సెకన్లు. చంద్రుడి మీద అది దాదాపు 3 కిలోమీటర్ల దూరం. అంతకన్నా సన్నని వివరం ఆ బింబంలో లేదు. 1.5 ఆర్క్‌సెకన్ల వివరాన్ని మామూలు కన్ను సులువుగా పట్టుకోవాలంటే 80 రెట్లు చాలు. హాయిగా చూడాలంటే 150 రెట్ల దాకా వెళ్ళవచ్చు. వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు ఆవర్ధనమే గరిష్ఠమన్న నియమం ఇందులోంచే వచ్చింది. 525 రెట్ల దగ్గర కొత్తగా కనిపించేది ఏదీ ఉండదు. వివరం అదే, వెలుగూ అదే, పరుచుకునే చోటు మాత్రం పెరుగుతుంది. ఒక్క గరిటెడు పిండిని పెనమంతా పరిచి దోసె పోసినట్టు, ఆ కొద్ది వెలుగూ పలచబడిపోతుంది. 35 రెట్లనుంచి 525 రెట్లకు వెళ్తే ఆవర్ధనం 15 రెట్లు పెరిగినట్టు. బింబం కాంతి మాత్రం 15 గుణించు 15, అంటే 225 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది.

అందువల్ల ఐపీస్ ఎంపికలో ‘ఎన్ని రెట్లు’ అన్న ప్రశ్నకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఐపీస్ లోంచి కంటికి వచ్చే కాంతిపుంజం ఎంత వెడల్పు? టెలిస్కోపు వాడేవాళ్ళు దీన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. లెక్క చాలా సులువు. టెలిస్కోపు నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే ఎఫ్ సంఖ్య వస్తుంది. ఐపీస్ నాభ్యంతరాన్ని ఆ ఎఫ్ సంఖ్యతో భాగిస్తే కాంతిపుంజం వెడల్పు మిల్లీమీటర్లలో తెలుస్తుంది. 114 మిల్లీమీటర్ల అద్దం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపు ఎఫ్ సంఖ్య దాదాపు 8. అందులో 32 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 4 మిల్లీమీటర్ల పుంజం, 16 పెడితే 2, 8 పెడితే 1 వస్తుంది. చీకటికి అలవాటుపడిన కుర్రవాళ్ళ కనుపాప 7 మిల్లీమీటర్ల దాకా విప్పారుతుంది. యాభై, అరవై ఏళ్ళవారిలో 5 మిల్లీమీటర్లు దాటడం కష్టం. కనుపాపకన్నా వెడల్పైన పుంజం వస్తే అదనపు వెలుగు కంటిలోకి వెళ్ళదు. మరీ సన్నని పుంజం వస్తే బింబం మసకబారి, కంటిలోపల తేలే సన్నని పోగుల నీడలు కూడా అడ్డుపడతాయి. పెద్ద నక్షత్రగుచ్ఛాలకు, పాలపుంతకు 3 నుంచి 5 మిల్లీమీటర్లు, నీహారికలకు, గోళాకార గుచ్ఛాలకు 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, గ్రహాలకు, జంట నక్షత్రాలకు 1 నుంచి 0.6 దాకా బాగుంటుంది. 76 మిల్లీమీటర్ల టెలిస్కోపు 525 రెట్ల దగ్గర ఇచ్చే పుంజం 0.15 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంకెతోనే పెట్టె మీది వాగ్దానం తేలిపోతుంది.

ఇక పల్నాడు వాతావరణం సంగతి. వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు వినని ఏడాది ఉండదు. పగలంతా కాగిన నేల, నాపరాళ్ళు, డాబా స్లాబులు రాత్రి చాలాసేపటి దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. వేడిగాలి పైకి, చల్లగాలి కిందికి కదులుతున్నప్పుడు వాటి గుండా వచ్చే నక్షత్రకాంతి అటూ ఇటూ వంగుతుంది. ఎండలో తారురోడ్డు మీద కనిపించే కదలికే రాత్రి టెలిస్కోపులోనూ కనిపిస్తుంది. అలాంటి రాత్రి గాలి ఒక్కటే 2, 3 ఆర్క్‌సెకన్ల మేర బింబాన్ని అలికేస్తుంది. అప్పుడు 8 అంగుళాల టెలిస్కోపుకైనా 150 రెట్లు దాటితే లాభం ఉండదు. డాబా మీదకన్నా మట్టినేల మీద, గడ్డి ఉన్న చోట, రాత్రి పొద్దుపోయాక చూడటం మేలు. మరోవైపు ఈ ప్రాంతానికి ప్రకృతి ఇచ్చిన గొప్ప అనుకూలత ఉంది. పల్నాడు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. గ్రహాలు నడిచే దారి ఇక్కడ ఎప్పుడూ ఎత్తుగానే ఉంటుంది. బాగా దక్షిణానికి జరిగిన గ్రహం కూడా నడిమింటికి వచ్చినప్పుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తు చేరుతుంది, ఉత్తరానికి జరిగితే నడినెత్తికే వస్తుంది. లండన్‌లో అదే గ్రహం ఒక్కో ఏడాది 15 డిగ్రీల ఎత్తు కూడా సరిగా చేరదు. దిగంతం దగ్గరి దట్టమైన గాలిని తప్పించుకునే ఈ వీలు మనకు ఉచితంగా దక్కింది. దాన్ని వాడుకోవడానికి కావలసింది నాణ్యమైన 70 నుంచి 140 రెట్ల బింబం. గాలి నిలకడగా ఉన్న మంచి రాత్రుల్లో మాత్రమే ఇంకొంచెం పైకి వెళ్ళాలి.

తక్కువ రెట్లతో ఏం కనిపిస్తుందన్న సందేహానికి చరిత్రే సమాధానం చెబుతుంది. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రులను కనుక్కున్నది దాదాపు 20 రెట్ల టెలిస్కోపుతో. 1655లో క్రిస్టియాన్ హైగెన్స్ శనిగ్రహపు చంద్రుడు టైటాన్‌ను చూసినప్పుడు ఆయన వాడిన ఆవర్ధనం దాదాపు 50 రెట్లు. ఆయన కటకం వ్యాసం 57 మిల్లీమీటర్లే. ఇవాళ బజారులో దొరికే చిన్న టెలిస్కోపు వ్యాసం అంతకన్నా పెద్దదే. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోదగ్గది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు గురుగ్రహం వ్యాసం సుమారు 45 ఆర్క్‌సెకన్లు ఉంటుంది. 40 రెట్లు పెద్దది చేస్తే మామూలు కంటికి నిండు చంద్రుడు ఎంత కనిపిస్తాడో టెలిస్కోపులో గురుడు అంత కనిపిస్తాడు. చుట్టూ ఉన్న నలుపువల్ల అది చిన్నదని అనిపిస్తుంది గానీ, కాస్త నిదానంగా చూస్తే నడుము మీది రెండు గోధుమరంగు పట్టీలు తేలతాయి. చూడటం కూడా నేర్చుకోవలసిన విద్యే. స్పష్టమైన చిన్న బింబాన్ని అయిదు నిమిషాలు చూసిన కన్నుకు అందే వివరాలు మసకగా ఉన్న పెద్ద బింబాన్ని గంటసేపు చూసినా అందవు.

ఆవర్ధనం పెరిగినకొద్దీ మనం చూసే ఆకాశపు ముక్క చిన్నదవుతుంది. ఈ నష్టం గురించి పెట్టె మీద ఎవరూ రాయరు. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు ఆకాశంలో ఒక డిగ్రీకి పైగా పరుచుకుని ఉంటాయి. వృశ్చికం తోక పక్కనున్న ఎం7 గుచ్ఛం కూడా అంతకు తగ్గదు. ఇవి పూర్తిగా ఒక్కచూపులో ఇమిడితేనే అందం. 700 మిల్లీమీటర్ల టెలిస్కోపులో 32 మిల్లీమీటర్ల ప్లోసెల్ అనే రకం ఐపీస్ 22 రెట్ల ఆవర్ధనంతో రెండు డిగ్రీలకు పైగా ఆకాశం చూపిస్తుంది, అంటే నాలుగు నిండు చంద్రులు పక్కపక్కన పట్టేంత. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన కనిపించే ఒమేగా సెంటారీ గోళాకార గుచ్ఛం మాచర్ల నుంచి 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్ వాసులకు అది ఉదయించనే ఉదయించదు. లక్షల నక్షత్రాలున్న ఆ గుచ్ఛం వెడల్పు మన కంటికి నిండు చంద్రుడంత. 4 మిల్లీమీటర్ల నాసిరకం ఐపీస్‌లో చూస్తే అందులో ఒక మూల మాత్రమే, అదీ చీకటిగా కనిపిస్తుంది. పైగా భూమి తిరుగుతున్నందువల్ల నక్షత్రాలు నిమిషానికి 15 ఆర్క్‌నిమిషాల చొప్పున కదులుతాయి. 525 రెట్ల దగ్గర గ్రహం ఒక అంచునుంచి మరో అంచుకు ఇరవై సెకన్లలోపే దాటిపోతుంది. 10 మిల్లీమీటర్ల ప్లోసెల్‌తో 70 రెట్ల దగ్గర దాదాపు మూడు నిమిషాలు నిలుస్తుంది. బడిలో నలభైమంది పిల్లలు వరుసలో నిలబడినప్పుడు ఈ తేడా ఎంత విలువైందో వేరే చెప్పనక్కర్లేదు.

ఐపీసులో ఎలాంటి కటకాలు ఉన్నాయో దాని మీది అక్షరాలను బట్టి తెలుసుకోవచ్చు. హెచ్ అని ఉంటే అది హైగెన్స్ పద్ధతి. రెండే కటకాలు, పదిహేడో శతాబ్దపు రూపకల్పన. చాలా పొడుగైన పాత టెలిస్కోపులకు బాగా సరిపోయేది గానీ నేటి పొట్టి గొట్టాలతో అంచుల్లో రంగులు చిమ్ముతుంది. ఎస్ఆర్ అంటే రామ్స్‌డెన్ రకం. చౌక టెలిస్కోపులతో వచ్చే 4 మిల్లీమీటర్ల ఎస్ఆర్‌లో చూసే రంధ్రం గుండుసూది తలంత ఉండి, కనురెప్ప గాజుకు తగిలితే గానీ ఏమీ కనిపించదు. కె అంటే 1849లో కార్ల్ కెల్నర్ రూపొందించిన మూడు కటకాల పద్ధతి. సాధారణ వాడుకకు ఫరవాలేదు. పిఎల్ అంటే ప్లోసెల్. వియన్నాకు చెందిన గియోర్గ్ ప్లోసెల్ 1860లో తెచ్చిన ఈ రూపంలో రెండు జంట కటకాలు ఎదురెదురుగా ఉంటాయి. యాభై డిగ్రీల వెడల్పు దృశ్యం, మధ్యనుంచి అంచుదాకా దాదాపు సమానమైన స్పష్టత ఇస్తుంది. ఎర్న్‌స్ట్ అబ్బే 1880లో రూపొందించిన ఆర్థోస్కోపిక్ గ్రహాల పరిశీలనకు ఇప్పటికీ పేరున్నదే, కాకపోతే దృశ్యం కొంచెం ఇరుకు. 1980 ప్రాంతంలో ఆల్ నాగ్లర్ 82 డిగ్రీల వెడల్పు దృశ్యం తెచ్చాక ఐపీసుల ప్రపంచమే మారిపోయింది, ధరలూ అలాగే పెరిగాయి. కటకాల మీది పూత కూడా చూసుకోవాలి. పూత లేని ప్రతి గాజు ఉపరితలం దాదాపు 4 శాతం వెలుగును వెనక్కి తిప్పికొడుతుంది. ప్లోసెల్‌లో గాలికి తగిలే ఉపరితలాలు నాలుగు కాబట్టి పూత లేకపోతే 15 శాతం వెలుగు పోతుంది. ఆ పోయిన వెలుగులో కొంత లోపలే తిరిగి చీకటి ఆకాశాన్ని బూడిదరంగుకు మారుస్తుంది. గదిలో దీపం కింద పట్టి చూస్తే పూత ఉన్న కటకంలో దీపం ప్రతిబింబం ఆకుపచ్చగానో ఊదాగానో మందంగా కనిపిస్తుంది. తెల్లగా మెరిస్తే పూత లేనట్టే.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఎఫ్ సంఖ్య 8, 9 ఉన్న చిన్న టెలిస్కోపులకు నేను సిఫారసు చేసేది మూడే వస్తువులు. 32 మిల్లీమీటర్ల ప్లోసెల్, 10 మిల్లీమీటర్ల ప్లోసెల్, రెండు రెట్ల మంచి బార్లో. బార్లో తగిలిస్తే 32 కాస్తా 16 అవుతుంది, 10 కాస్తా 5 అవుతుంది. 700 మిల్లీమీటర్ల టెలిస్కోపులో ఇవి 22, 44, 70, 140 రెట్లు ఇస్తాయి. 900 మిల్లీమీటర్ల దాంట్లో 28, 56, 90, 180. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ తగినంత దూరం ఉంది, ఒకదాని పని మరొకటి చేయదు, పై మెట్టు వ్యాసం విధించే హద్దు దాటదు. అదే 25, 15 తీసుకుని బార్లో పెడితే 15, 12.5 రెండూ పక్కపక్కనే పడి ఒకటి వృథా అవుతుంది. ఎఫ్ సంఖ్య 5 ఉన్న పొట్టి టెలిస్కోపుకు లెక్క మారుతుంది. దాంట్లో 32 పెడితే కాంతిపుంజం 6.4 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి పెద్దవాళ్ళకు వెలుగు వృథా. 25తో మొదలుపెట్టడం మేలు. అలాంటి టెలిస్కోపు అంచుల దగ్గర నక్షత్రాలకు తోకలు వస్తే ఆ తప్పు కొంత అద్దానిది, ఐపీస్ మార్చినా పూర్తిగా పోదు. కొనేముందు ఐపీస్ గొట్టం కొలత చూసుకోవడం మరవకూడదు. ఇప్పుడు ప్రామాణికం 1.25 అంగుళాలు. కొన్ని పాత, బొమ్మలాంటి టెలిస్కోపులకు 0.965 అంగుళాలే ఉంటుంది, వాటిలో ఇవి నేరుగా పట్టవు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తోసిపుచ్చదగ్గవి కావు. చౌక టెలిస్కోపుకు మంచి ఐపీస్ కొనడం దండగ కాదా అని అడిగేవాళ్ళున్నారు. టెలిస్కోపు మారినా ఐపీస్ మిగులుతుంది. 1.25 అంగుళాల ప్లోసెల్ రేపు కొనబోయే 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపులోనూ పనిచేస్తుంది. ఐపీసులకు బదులు పెద్ద టెలిస్కోపే కొనవచ్చు కదా అన్నది ఇంకో మాట. చేతిలో డబ్బు ఉంటే అది నిజమే, వ్యాసానికి ప్రత్యామ్నాయం లేదు. అయితే ఆ పెద్ద టెలిస్కోపుతోనూ ఐపీసులు కావాలి, అందులో నాసిరకం ఐపీస్ తప్పులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్క జూమ్ ఐపీస్‌తో సరిపెట్టుకుంటే పోలేదా అన్నది మూడో ప్రశ్న. బడిలో చూపించడానికి జూమ్ సౌకర్యమే. కానీ మామూలు జూమ్‌లలో తక్కువ రెట్ల దగ్గర, అంటే విశాలంగా చూడవలసిన చోటే దృశ్యం 40 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. కాబట్టి జూమ్ ఉన్నా 32 మిల్లీమీటర్లది వేరే ఉండాలి. ఎక్కువ డబ్బు పెట్టి 82 డిగ్రీల ఐపీసులే ఎందుకు కొనకూడదని అడిగితే, మోటారు లేకుండా చేత్తో తిప్పే పెద్ద డాబ్సోనియన్‌కు అవి నిజంగా వరమే. చిన్న టెలిస్కోపులో మాత్రం దృశ్యం మధ్యలో వాటికీ మంచి ప్లోసెల్‌కూ తేడా తక్కువ. పైగా బరువైన ఐపీస్ ప్లాస్టిక్ ఫోకసర్‌ను వంచుతుంది, తేలికపాటి గొట్టం ముందుకు ఒరిగిపోతుంది.

కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళ ఇబ్బందిని వేరుగా చెప్పుకోవాలి. పూర్తి దృశ్యం కనిపించాలంటే కన్ను ఐపీస్ గాజుకు ఎంత దూరంలో ఉండవచ్చో దాన్ని ఐ రిలీఫ్ అంటారు. ప్లోసెల్‌లో అది నాభ్యంతరంలో సుమారు 70 శాతం. 32కు 22 మిల్లీమీటర్లు, కాబట్టి హాయిగా చూడవచ్చు. 10కి 7 మిల్లీమీటర్లే, కళ్ళద్దాలతో కష్టం. హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి మాత్రమే ఉన్నవాళ్ళు కళ్ళద్దాలు తీసి ఫోకస్ సవరించుకుంటే చాలు, టెలిస్కోపే ఆ లోపాన్ని సరిదిద్దుతుంది. సిలిండర్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళకు అది కుదరదు. ముఖ్యంగా కాంతిపుంజం వెడల్పుగా ఉన్న తక్కువ రెట్ల దగ్గర వాళ్ళకు అద్దాలు ఉండాల్సిందే. అలాంటివారికి పొట్టి నాభ్యంతరంలోనూ 15 మిల్లీమీటర్ల ఐ రిలీఫ్, అరవై డిగ్రీలకు పైగా దృశ్యం ఇచ్చే మధ్యరకం ఐపీసులు ఇప్పుడు దొరుకుతున్నాయి. 10 మిల్లీమీటర్ల ప్లోసెల్ బదులు అలాంటి 9 మిల్లీమీటర్లది ఎంచుకోవచ్చు. సెల్‌ఫోన్‌తో చంద్రుడి ఫొటో తీయాలనుకునే పిల్లలకూ ఐ రిలీఫ్ ఎక్కువున్నవే సులువు.

చోటును బట్టి కూడా ఎంపిక మారుతుంది. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ పట్టణాల్లో వీధిదీపాల వెలుగుకు గాలిలోని దుమ్ము తోడై ఆకాశం నల్లగా ఉండదు. అక్కడ 5 మిల్లీమీటర్ల కాంతిపుంజం పెడితే నక్షత్రాలతోపాటు ఆ బూడిదరంగు వెలుగు కూడా నిండుగా కంటికి వస్తుంది. ఆవర్ధనం కొంచెం పెంచి పుంజాన్ని 2 మిల్లీమీటర్లకు తెస్తే నేపథ్యం చీకటవుతుంది, చుక్కలు చుక్కలుగానే ఉంటాయి కాబట్టి గుచ్ఛాలు తేటపడతాయి. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి వైపు నల్లమల అంచు గ్రామాల్లో ఆకాశం నల్లబడుతుంది. అక్కడ 32 మిల్లీమీటర్ల ఐపీస్ తన అసలు విలువ చూపిస్తుంది. అందుకోసం పులుల అభయారణ్యంలోకి వెళ్ళనవసరం లేదు, రాత్రిపూట వెళ్ళనూకూడదు. ఊరి చివర దీపాలకు దూరంగా ఉన్న పొలంగట్టు చాలు. ఇక సున్నపురాయి క్వారీలు, సిమెంటు కర్మాగారాలు ఉన్న ఈ ప్రాంతంలో దుమ్ము ఐపీసులకు పెద్ద శత్రువు. రాతిపొడి పడిన కటకాన్ని చొక్కా అంచుతో తుడిస్తే పూత గీతలు పడుతుంది. ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊదాలి, ఆ తర్వాతే కటకాల కోసం చేసిన మెత్తని కాగితంతో అద్దాలి. వాడనప్పుడు రెండువైపులా మూతలు పెట్టి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో ఉంచితే వానాకాలంలో బూజు పట్టదు.

ఒక హెచ్చరిక మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కొన్ని చౌక టెలిస్కోపులతో ఐపీస్‌కు బిగించే నల్లని ‘సన్ ఫిల్టర్’ వస్తుంది. అద్దం పోగుచేసిన సూర్యుడి వేడంతా ఆ చిన్న గాజు బిళ్ళ మీదే పడుతుంది. అది ఒక్క క్షణంలో పగిలిపోవచ్చు. పగిలిన ఆ క్షణమే కన్ను శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆ బిళ్ళను ఎవరికీ ఇవ్వకుండా పగలగొట్టి పారేయాలి. సూర్యుణ్ణి చూడాలంటే టెలిస్కోపు ముందుభాగం మొత్తాన్ని కప్పే, అందుకోసమే తయారుచేసిన వడపోత ఉండాలి. అది లేనప్పుడు పగటిపూట టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పనే కూడదు. పిల్లలున్న చోట పెద్దవాళ్ళు పక్కనుండాలి.

కొన్న ఐపీస్ మంచిదో కాదో తేల్చుకోవడానికి మన పెళ్ళిళ్ళలో వధూవరులకు చూపించే అరుంధతే చక్కని పరీక్ష. వేసవి మొదట్లో సాయంత్రాలు ఉత్తరాన సప్తర్షి మండలం తోకలో వసిష్ఠుడు, పక్కనే అరుంధతి కనిపిస్తారు. ఇద్దరి మధ్య దూరం 12 ఆర్క్‌నిమిషాలు. 40 రెట్లకు పైగా చూస్తే వసిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోతాడు, వాటి మధ్య దూరం 14 ఆర్క్‌సెకన్లు. మంచి ఐపీస్‌లో ఈ మూడు చుక్కలూ ఒకే దృశ్యంలో, చుట్టూ చీకటితో, సన్నగా నిలుస్తాయి. ఇద్దరికీ ఒక పక్కగా ఇంకో మసక నక్షత్రం కూడా కనిపిస్తుంది. ఆ తర్వాత గొట్టాన్ని కొద్దిగా జరిపి వాటిని దృశ్యం అంచుకు తీసుకెళ్ళాలి. అప్పటికీ చుక్కలు చుక్కలుగానే ఉంటే ఐపీస్ నమ్మదగింది. గీతలుగా సాగితే, రంగులు చిమ్మితే, ఆ లోపం ఎంతలో మొదలైందో గమనించాలి. వేరే ఐపీస్‌తో పోల్చిచూస్తే తప్పు అద్దానిదా, ఐపీస్‌దా అన్నది అర్థమవుతుంది. ఖరీదైన పరికరం ఏదీ లేకుండా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగల ప్రయోగం ఇది.

తెలుగునేల మీద టెలిస్కోపు పరిశీలన కొత్తగా వచ్చిన సరదా కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడినుంచే పరిశీలించారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నిజామియా వేధశాలకు పునాది వేశారు, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపును నిలిపింది. ఆ స్థాయి పరికరాలు ప్రతి ఊరికీ రావు, రానవసరమూ లేదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ప్రతి మండలానికీ ఒక ఉన్నత పాఠశాల ఒక చిన్న టెలిస్కోపు, రెండు మంచి ఐపీసులు, ఒక బార్లో, వాటిని వాడటం తెలిసిన ఒక ఉపాధ్యాయుడు ఉండేలా చూసుకోగలిగితే చాలు. కొనుగోలు కాగితం మీద ‘ఇన్ని రెట్లు’ అని రాయడం మాని అద్దం వ్యాసం, నాభ్యంతరం, ఐపీస్ రకం, గొట్టం కొలత అన్న నాలుగు వివరాలు అడగాలి. అమ్మేవాడు ఈ నాలుగూ చెప్పలేకపోతే ఆ పరికరం కొనకూడదు. ఇంట్లో ఇప్పటికే అటకెక్కిన టెలిస్కోపు ఉంటే దించి, అద్దం బాగుంటే ముందు 32 మిల్లీమీటర్ల ప్లోసెల్ ఒక్కటి కొని చూడండి. కొత్త టెలిస్కోపు ధరలో చిన్న భాగంతో, ఉన్న టెలిస్కోపే మళ్ళీ పనిలోకి వస్తుంది.